థర్మాకోల్ బ్యారేజీ చూసి బడి మార్చకండి

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఒక సీబీఎస్ఈ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఈ ఏడాది నుంచి అక్కడ ప్రాజెక్టుల ద్వారా బోధన అంటున్నారు. మొన్న ప్రకాశం బ్యారేజీ నమూనా తెమ్మన్నారు. థర్మాకోల్ కోసి అతికించింది మా ఆవిడ, మార్కులు వచ్చింది అమ్మాయికి. పక్కింటి అబ్బాయి ఐఐటీ ఫౌండేషన్ కోర్సులో లెక్కలు చకచకా చేసేస్తున్నాడు. మా అమ్మాయికి ఇంజినీరింగ్ మీద ఆశ. బడి మార్చేయమంటారా?

జవాబు: మీ కోపం న్యాయమైనదే. తల్లి అతికించిన బొమ్మకు కూతురికి మార్కులు వేయడం చదువు కాదు. కానీ అది ప్రాజెక్టు కూడా కాదు. జవాబు వెతకాల్సిన ప్రశ్న ఒకటి ఉంటేనే ప్రాజెక్టు అవుతుంది. ఆ నమూనాలో ప్రశ్న ఏదీ?

అదే బ్యారేజీని తీసుకుని ఏం చేయించవచ్చో చూడండి. 2024 సెప్టెంబరు వరదలో అక్కడ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు. గుణిస్తే సెకనుకు మూడు కోట్ల లీటర్ల పైమాటే. ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు, బ్యారేజీ దాటడానికి పదిహేను నిమిషాలు కూడా పట్టదు. మీ అమ్మాయి ఈ లెక్క తనే వేసుకుంటే పెద్ద సంఖ్యలను ఘాతాలతో రాయడం ఎందుకో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ తర్వాత అసలు ప్రశ్న వేయాలి: ఆ వరదలో విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణా నదా, బుడమేరు వాగా? పిల్లలు ఆ వీధుల్లో ఇంటింటికీ వెళ్లి నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో అడిగి, పటం మీద గుర్తించి, గండ్లు ఎక్కడ పడ్డాయో తెలుసుకుని, తమ నిర్ధారణను తెలుగులోనో ఇంగ్లిషులోనో రాయాలి. సివిల్ ఇంజినీర్లు, పట్టణ ప్రణాళికా నిపుణులు చేసే పని సరిగ్గా ఇదే. అమ్మాయికి ఇది నచ్చితే ప్రణాళిక చదివించే జాతీయ సంస్థ, స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, మన విజయవాడలోనే ఉంది. ఇంజినీరింగ్ అనగానే కంప్యూటర్ సైన్స్ ఒక్కటే గుర్తొచ్చే మన ఊళ్లలో ఇలాంటి దారులు పిల్లల కంటపడేది ఈ రకమైన పనుల్లోనే.

ఇక పోటీ పరీక్షల సంగతి. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఏపీ ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఆ వేగం ఏ ప్రాజెక్టూ ఇవ్వదు, సాధనతోనే వస్తుంది. అయితే దానికి ఇంకా నాలుగేళ్ల పైన సమయం ఉంది. ఎనిమిదిలో వేగం కన్నా పునాది ముఖ్యం. భిన్నాలు, బీజగణిత సమీకరణాలు, శాతాలు తడబడకుండా రావాలి. వీటికి మాత్రం రోజూ ఇంట్లో అరగంట లెక్కలు చేయించండి, బడి ఎంత గొప్పదైనా సరే. మరోవైపు సీబీఎస్ఈ తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల ప్రశ్నపత్రాల్లో సగం ప్రశ్నలను, నేర్చుకున్నదాన్ని కొత్త సందర్భంలో వాడగలరా అని పరీక్షించేవాటికే కేటాయించింది. బట్టీ పట్టిన పిల్లలు వీటి దగ్గరే ఆగిపోతారు.

పిల్లలను వాళ్ల మానాన వదిలేసి ‘కనుక్కోండి’ అనడాన్ని కూడా నేను సమర్థించను. కొత్తగా నేర్చుకునేవారికి మార్గదర్శనం లేకపోతే నేర్చుకునేది తక్కువేనని కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లోనే గట్టిగా వాదించారు. ఉపాధ్యాయుడు ముందు పాఠం చెప్పాలి, పని మధ్యలో పిల్లల ప్రాజెక్టు పుస్తకం చూసి తప్పులు దిద్దాలి. అది జరగని చోట ప్రాజెక్టులకన్నా మామూలు పాఠమే నయం.

కాబట్టి ఈ ఏడాది బడి మార్చకండి, కానీ నిలదీయండి. తల్లిదండ్రుల సమావేశంలో అమ్మాయి ప్రాజెక్టు పుస్తకం తెరిపించి, ఉపాధ్యాయుల దిద్దుబాట్లు ఎక్కడున్నాయో చూపించమనండి. వారానికి లెక్కల పీరియడ్లు ఎన్ని తగ్గాయో అడగండి. పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్ బడిలో ఉంటే ఆమె తరగతి అందులోకి చివరిసారి ఎప్పుడు వెళ్లిందో కనుక్కోండి. ఇన్‌స్పైర్ మానక్ పథకానికి పిల్లల ఆలోచనలు పంపుతున్నారా అనీ అడగండి. ఎంపికైన ఆలోచనకు నమూనా తయారీ కోసం కేంద్రం రూ.10,000 ఇస్తుంది. ఇంట్లోనూ ఒక నియమం పెట్టండి: అమ్మాయి ప్రాజెక్టు మీద మీ ఆవిడ చేయి పడకూడదు. వంకరగా వచ్చినా అమ్మాయి చేసిందే బడికి వెళ్లాలి.

అర్ధ సంవత్సర పరీక్షల నాటికి పుస్తకంలో దిద్దుబాట్లు లేక, లెక్కల సిలబస్ వెనకబడి ఉంటే అప్పుడు తొమ్మిదో తరగతికి నిశ్చింతగా బడి మార్చండి. అప్పుడు కూడా వెతకాల్సింది ‘ఐఐటీ ఫౌండేషన్’ అని బోర్డు పెట్టిన బడి కాదు, ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెప్పే మంచి ఉపాధ్యాయుడు ఏళ్ల తరబడి స్థిరంగా ఉన్న బడి.