యూజ్డ్ టుతో జాగ్రత్త, బుజ్జీ

చి. బుజ్జికి, తాతయ్య ఆశీస్సులు.

ఇంటర్వ్యూ కోసం నువ్వు రికార్డు చేసి పంపిన పరిచయం రెండుసార్లు విన్నాను. గొంతు బాగుంది, తడబాటు లేదు. ఒక్కచోట మాత్రం నా చెవి ఆగిపోయింది. ‘ఐ యూజ్డ్ టు గెటప్ ఎట్ ఫైవ్ డైలీ’ అన్నావు. రోజూ ఐదింటికి లేస్తానని చెప్పబోయావు. వినేవాడికి అర్థమయ్యేది ‘ఒకప్పుడు ఐదింటికి లేచేదాన్ని’ అని. అంటే ఇప్పుడు లేవడం మానేశావన్నమాట!

నవ్వకు. ఇదే తప్పు నేనూ చేశాను, అదీ మొదటి ఇంటర్వ్యూలోనే. ‘సాయంత్రాలు ఏం చేస్తారు?’ అని హెడ్మాస్టరు అడిగితే ‘ఐ యూజ్డ్ టు టేక్ ట్యూషన్స్’ అన్నాను. ‘ఎందుకు మానేశారు?’ అన్నాడాయన. ‘మానలేదు సార్’ అని మళ్ళీ అదే వాక్యం అప్పజెప్పాను. ఆయన మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. ఆ ఉద్యోగం రాలేదులే.

ఇప్పటి అలవాటు చెప్పాలంటే ఉత్త ‘ఐ గెటప్ ఎట్ ఫైవ్’ చాలు. కావాలంటే మధ్యలో ‘యూజువల్లీ’ పెట్టుకో. మరీ చిన్న వాక్యంలా ఉందే అనిపించి మనం అనవసరంగా యూజ్డ్ టు తగిలిస్తాం.

దీన్ని పట్టుకోవడానికి గ్రామర్ పుస్తకం అక్కర్లేదు, తెలుగే చాలు. తెలుగులో ‘వెళ్ళేదాన్ని, తినేదాన్ని, ఉండేది’ అని వచ్చినచోటే ఇంగ్లీషులో యూజ్డ్ టు. ‘మా పెరట్లో వేపచెట్టు ఉండేది’ అంటే ఇప్పుడు లేదని ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు కదా. ‘దేర్ యూజ్డ్ టు బి ఎ నీమ్ ట్రీ’ అన్నా అంతే. ఇంకో విచిత్రం చూడు. నేను 32 ఏళ్ళు పాఠాలు చెప్పాను. ‘32 ఏళ్ళు చెప్పేవాణ్ణి’ అంటే తెలుగులోనే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంగ్లీషులోనూ అంతే. ఇన్నేళ్ళు, ఇన్నిసార్లు అని లెక్క చెప్పేటప్పుడు యూజ్డ్ టు వద్దు, ‘ఐ టాట్ ఫర్ థర్టీటూ ఇయర్స్’ అనాలి.

ఇక దీని ముందు యామ్, ఈజ్, ఆర్ చేరాయంటే అర్థం మారిపోతుంది. నైట్ షిఫ్ట్ చేయగలవా అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. అప్పుడు ‘ఐయామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్’ అను. రాత్రిళ్ళు పనిచేయడం నాకు అలవాటే అని. ఇక్కడ ‘వర్క్’ అనకూడదు, ‘వర్కింగ్’ అనాలి. ఎందుకంటావా? ‘ఎండకి అలవాటుపడ్డాను’ అంటాం చూడు, ఆ ‘కి’ లాంటిదే ఈ ‘టు’. దాని ముందు తెలుగులో ‘పనిచేయడం’ లాంటి మాట రావాలి, ‘పనిచేయి’ రాదు. ఇంగ్లీషులో దాని తర్వాత వర్కింగ్ వస్తుంది. ఇంకా అలవాటు కాలేదు, అవుతోంది అనాలంటే ‘ఐయామ్ గెటింగ్ యూజ్డ్ టు ఇట్’.

కత్తి కూరలు తరగడానికి వాడతారు అనేది మళ్ళీ వేరు. ‘ఎ నైఫ్ ఈజ్ యూజ్డ్ టు కట్ వెజిటబుల్స్’. ఇక్కడ కటింగ్ అన్నావో, కత్తికి కూరలు తరగడం అలవాటైపోయిందని అర్థం వస్తుంది! నా క్లాసులో ఏటా ఒక్కడైనా కత్తికి ఈ అలవాటు చేసేవాడు.

పలకడంలోనూ తేడా ఉంది. కత్తి వాక్యంలో ‘యూజ్డ్’ అని జ వినిపిస్తుంది. మిగతా రెండింటిలో ‘యూస్టు’ అని కలిసిపోతుంది, డ చెవికి అందదు. అందుకే చాలామంది రాసేటప్పుడు కూడా డి అక్షరం మింగేస్తారు. నీ రెజ్యూమె ఒకసారి చూసుకో. ‘డిడ్ నాట్’ తర్వాత మాత్రం ఆ డి ఉండదు, ‘ఐ డిడ్ నాట్ యూజ్ టు లైక్ కాఫీ’ అని రాయాలి.

ఐదింటి వాక్యం మార్చి మళ్ళీ రికార్డు చేసి పంపు. అన్నట్టు, నేనిదంతా రాస్తుంటే మీ అమ్మమ్మ వెనకనుంచి చూసి, ‘అది సరే, పిల్ల నిజంగా ఐదింటికి లేస్తుందా?’ అంది. అది నా సబ్జెక్టు కాదన్నాను.

ఇట్లు,
తాతయ్య