అడగండి – చెబుతాం: ఫోటో ఎంత సైజులో పంపాలి?

ఫోన్‌లో కళకళలాడిన ఫోటో అవతలివాళ్లకు చేరేసరికి మసకబారుతోందని ఈసారి చాలామంది రాశారు. కింది జవాబుల్లో ‘పొడవైన వైపు’ అంటే ఫోటో వెడల్పు, ఎత్తుల్లో ఏది పెద్దదైతే అది. అడ్డంగా తీసినా నిలువుగా తీసినా లెక్క ఒకటే.

ప్రశ్న: మా ఫోన్ కెమెరా 50 మెగాపిక్సెల్. బాబు పుట్టినరోజు ఫ్లెక్సీకి ఫోటో వాట్సాప్‌లో పంపితే ‘క్లారిటీ లేదు, ఒరిజినల్ పంపండి’ అంటున్నారు. నేను పంపింది ఒరిజినలే కదా? – ఖమ్మం

కాదండీ. మీ దగ్గర ఉన్నది ఒరిజినల్, వాళ్లకు చేరింది దాని నకలు.

ముందు ఆ 50 సంగతి. అది సెన్సర్ మీది గడుల లెక్క. మామూలు మోడ్‌లో ఇలాంటి ఫోన్లు పక్కపక్కనున్న నాలుగు గడులను కలిపి ఒక్క పిక్సెల్‌గా, అంటే ఫోటోలోని ఒక్క చుక్కగా చేస్తాయి. వెలుతురు తక్కువున్నప్పుడు ఫోటోలో రవ్వలు రాకుండా ఈ ఏర్పాటు. కాబట్టి మీ గ్యాలరీలో ఉన్నది 12 మెగాపిక్సెళ్ల ఫోటో, అంటే ఇంచుమించు 4000×3000. దాన్ని వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవైన వైపు సుమారు 1600కు దిగుతుంది. 1600×1200 అంటే 19 లక్షల పిక్సెళ్లు. మీరు తీసిన కోటీ 20 లక్షల్లో ఆరో వంతుకు కాస్త తక్కువే. ఆ మిగిలినదాన్ని కూడా వాట్సాప్ గట్టిగా కంప్రెస్ చేస్తుంది, అంటే సన్నటి వివరాలు వదిలేసి ఫైల్ బరువు తగ్గిస్తుంది.

2023 ఆగస్టులో వచ్చిన ‘హెచ్‌డీ’ గుర్తును పంపేముందు నొక్కితే ఇంతకన్నా పెద్ద సైజులో వెళ్తుంది. కానీ అందులోనూ కంప్రెషన్ ఉంటుంది. ఫ్లెక్సీకైనా ఆల్బమ్‌కైనా సరైన దారి ఒక్కటే: క్లిప్పు గుర్తు నొక్కి ‘గ్యాలరీ’కి బదులు ‘డాక్యుమెంట్’ ఎంచుకుని, ఆ ఫోటో ఫైల్‌ను జతచేయండి. 2 జీబీ దాకా ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఒక జాగ్రత్త: ఫోటోగా పంపినప్పుడు తీసిన చోటు వివరాలను వాట్సాప్ తుడిచేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే అవీ కూడా వెళ్తాయి. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉండి, ఇంట్లో తీసిన ఫోటోను కొత్తవాళ్లకు పంపుతున్నారంటే ఇంటి చిరునామా ఇచ్చినట్టే.

అసలు ఫ్లెక్సీకి ఎన్ని పిక్సెళ్లు కావాలి? కన్ను ఎంత సన్నటి చుక్కను పట్టగలదన్నది దూరాన్ని బట్టి ఉంటుంది. 3400ను చూసే దూరంతో (అంగుళాల్లో) భాగిస్తే, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లుంటే చాలో వస్తుంది. 10 అడుగుల దూరం నుంచి చూస్తారనుకుందాం, అంటే 120 అంగుళాలు. లెక్క 28 తేలుతుంది. ఆరడుగుల, అంటే 72 అంగుళాల ఫ్లెక్సీకి 1600 పిక్సెళ్ల ఫోటో పరిస్తే అంగుళానికి 22. దగ్గరికొచ్చి చూస్తే కాస్త మెత్తగా కనిపిస్తుంది, రోడ్డవతలి నుంచి చూస్తే తేడా తెలియదు. మరి ఎక్కడ చెడుతోందంటే, గ్రూప్ ఫోటోలోంచి ఒక్క ముఖాన్ని కత్తిరించినప్పుడు. వాట్సాప్‌లో వచ్చిన గ్రూప్ ఫోటోలో ముఖం 150 పిక్సెళ్ల వెడల్పుంటే ఎక్కువ. దాన్ని ఫ్లెక్సీ మీద రెండడుగులకు సాగదీస్తే అంగుళానికి ఆరు పిక్సెళ్లు! వాళ్లు ‘పగిలిపోతోంది’ అనేది దీన్నే. బాబును విడిగా, దగ్గరగా నిలబెట్టి తీసిన ఫోటో పంపండి.

ప్రశ్న: ఇంటర్నెట్‌కు 72 డీపీఐ, ప్రింట్‌కు 300 డీపీఐ అని డీటీపీ కోర్సులో చెప్పారు. ఫేస్‌బుక్‌లో పెట్టేముందు 300ను 72కు మార్చాలా? – తెనాలి

అక్కర్లేదు. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క. తెర ఆ అంకెను అసలు చూడదు. 1200×800 ఫోటోలో 72 అని రాసున్నా 300 అని రాసున్నా తెర మీద ఒక్కలాగే కనిపిస్తుంది, ఫైల్ బరువూ మారదు. కాగితం మీద ఎన్ని అంగుళాల్లో పరచాలో చెప్పే చీటీ మాత్రమే అది. 72 అన్న అంకె 1984 నాటి మెకింటాష్ తెరది. అంగుళానికి 72 చుక్కలుండేవి. ఆ తెరలు పోయి దశాబ్దాలైనా అంకె పాఠాల్లో మిగిలిపోయింది.

ఫోటోషాప్‌లో ‘రీశాంపుల్’ (పిక్సెళ్ల సంఖ్యను మార్చే ఏర్పాటు) టిక్కు ఉండగా ఆ అంకె మార్చారంటే మాత్రం పిక్సెళ్లే మారిపోతాయి. 1600 వెడల్పున్న ఫోటోను 72 నుంచి 300కు మారిస్తే 6667 వెడల్పవుతుంది. ఫైల్ బరువెక్కుతుంది తప్ప వివరం రవ్వంత కూడా పెరగదు. టిక్కు తీసి మార్చండి. ప్రింట్‌కు కావాల్సింది అంగుళాలను 300తో గుణిస్తే చాలు: 4×6 ఫోటోకు 1200×1800. ఆ లెక్కన వాట్సాప్‌లో వచ్చిన ఫోటో కూడా 4×6 సైజుకు బాగానే సరిపోతుంది. 12×18కు మాత్రం సరిపోదు, అంగుళానికి 89 పిక్సెళ్లే పడతాయి.

ప్రశ్న: మా చేనేత చీరల ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే సన్న గళ్ల మీద లేని చారలు కనిపిస్తున్నాయి. ఎరుపు అంచు పక్కకు పాకినట్టుంది. పేజీలో చూస్తే ఫోన్ నంబరు కూడా కోసుకుపోతోంది. – మంగళగిరి

మూడూ వేర్వేరు జబ్బులు.

చారల్ని మోయిరే అంటారు. చీర గళ్లూ పిక్సెళ్ల గళ్లూ దాదాపు ఒకే సైజుకు వచ్చినప్పుడు, ఒకదాని మీద ఒకటి పడి మూడో డిజైన్ పుడుతుంది. రెండు దోమతెరలు ఒకదాని వెనక ఒకటి కట్టినప్పుడు కనిపించే అలల్లాంటివే ఇవి. ముందు ఒరిజినల్‌ను కంప్యూటర్‌లో 100 శాతం జూమ్‌లో చూడండి. అక్కడే చారలుంటే తప్పు కెమెరా దగ్గర జరిగింది: ఒక అడుగు ముందుకో వెనక్కో జరగండి, లేదా చీరను కాస్త వాలుగా పరచి మళ్లీ తీయండి. ఒరిజినల్ శుభ్రంగా ఉంటే కుదించడంలో చెడిందన్నమాట. 4000 వెడల్పు ఫోటోను యాప్‌కు అప్పగించకుండా మీరే 1080కి తెచ్చి పెట్టండి. ఫోటోలు ఎడిట్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్‌లో ‘ఇమేజ్ – స్కేల్ ఇమేజ్’లోకి వెళ్లి, ‘ఇంటర్‌పొలేషన్’ దగ్గర ‘నన్’ కాకుండా ‘క్యూబిక్’ గానీ ‘లోహేలో’ గానీ ఎంచుకోండి. అప్పటికీ చారలు వస్తే కుదించేముందు ఒక పిక్సెల్ గాసియన్ బ్లర్ వేసి, అంటే ఫోటోను రవ్వంత మసకబార్చి చూడండి. కుదించాక మెత్తబడితే అంచులకు పదును పెట్టే ‘అన్‌షార్ప్ మాస్క్’ రేడియస్ 0.5 దగ్గర కొద్దిగా చాలు. ఎక్కువైతే జరీ పోగుల పక్కన తెల్లగీతలు తేలతాయి. పోచంపల్లి ఇక్కత్‌కు ఈ బాధ తక్కువ, ఆ నేతలో అంచులు సహజంగానే చెదిరి ఉంటాయి కాబట్టి.

ఎరుపు పాకడం జేపెగ్ (ఫోటోను తక్కువ బరువులో దాచే ఫైల్ రకం, జేపీజీ అన్నా అదే) స్వభావం. వెలుగునీడలను ప్రతి పిక్సెల్‌కూ దాచి, రంగును మాత్రం సాధారణంగా నాలుగు పిక్సెళ్లకు ఒక్కటే దాస్తుంది. ఆకుపచ్చ ఒంటికి ఎర్ర అంచు కలిసేచోట ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ ఎలాగూ మరోసారి కంప్రెస్ చేస్తుంది, కాబట్టి మీ వైపు నుంచి నాణ్యత 90కి తగ్గకుండా సేవ్ చేయండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోను మళ్లీ ఎడిట్ చేసి పెట్టడం మానేయండి. రంగు మొత్తంగా వెలిసినట్టుంటే అది వేరే సంగతి, కెమెరా రంగుల సెట్టింగ్‌లో ‘అడోబ్ ఆర్‌జీబీ’ పెట్టి ఉంటారు, ‘ఎస్‌ఆర్‌జీబీ’కి మార్చండి.

ఇక నంబరు. 2025 జనవరి నుంచి ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ గడులు చతురస్రం కాదు, 3:4 నిలువు. పాత 1080×1080 ఫోటో ఆ గడిలో కూర్చోవాలంటే కుడిఎడమలు చెరో 135 పిక్సెళ్లు పోతాయి. మూలన రాసిన నంబరు అక్కడే పోతోంది. 1080×1350లో పెడితే చెరో 34 మాత్రమే పోతాయి, 1080×1440 అయితే ఏమీ పోదు. ఏ సైజైనా నంబరు మధ్యలోకి జరిపితే నిశ్చింత.

ప్రశ్న: బ్యాంకు పరీక్ష దరఖాస్తులో ఫోటో 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలంటున్నారు. నెట్ సెంటర్‌లో ఒకసారి ఎక్కువైందని, ఇంకోసారి తక్కువైందని తిప్పి కొట్టింది. – శ్రీకాకుళం

బ్యాంకు పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ నోటిఫికేషన్లలో ఫోటోకు 200×230 పిక్సెళ్లు, 20–50 కేబీ. సంతకానికి 140×60 పిక్సెళ్లు, 10–20 కేబీ అని ఉంటుంది. మీ నోటిఫికేషన్‌లో వేరే అంకెలుంటే వాటినే పాటించండి. అందరూ చేసే పొరపాటు, పిక్సెళ్లు వదిలేసి కేబీ వెంట పడటం. 4000×3000 ఫోటోను 50 కేబీకి నొక్కితే ముఖం మీద గళ్లుగళ్లుగా మరకలు వస్తాయి. వరస ఇదీ:

పాస్‌పోర్ట్ సైజు ఫోటో 35×45 మిల్లీమీటర్లు, స్కాన్ 300 డీపీఐలో చేస్తే 413×531 పిక్సెళ్లు. దాని నిష్పత్తి, వాళ్లడిగిన నిష్పత్తి ఒకటి కావు. నేరుగా 200×230కి మారిస్తే ముఖం లావవుతుంది. ముందు కింది నుంచి కత్తిరించి 413×475 చేయండి. ఆ తర్వాత పెయింట్‌లో ‘రీసైజ్ – పిక్సెల్స్’కి వెళ్లి వెడల్పు 200 ఇస్తే ఎత్తు దానంతటదే 230 అవుతుంది. చివరికి బరువు. పెయింట్‌లో నాణ్యత మార్చే వీలు లేదు, చాలాసార్లు 20 కేబీకి తక్కువే వస్తుంది. మీకు ‘తక్కువైంది’ అని వచ్చింది ఇందుకే. ఇర్ఫాన్‌వ్యూ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో గానీ స్క్వూష్ వెబ్‌సైట్‌లో గానీ నాణ్యతను 95 పైకి జరిపి సేవ్ చేయండి. సంతకాన్ని తెల్ల కాగితం మీద నల్ల సిరాతో చేసి, అంచుల దాకా కత్తిరించండి. చుట్టూ ఖాళీ వదిలితే 140 పిక్సెళ్లలో సంతకం దోమకాలంత అవుతుంది. ఫైల్ పేరు చివర పీఎన్‌జీ (ఇంకో ఫైల్ రకం) తీసేసి జేపీజీ అని రాసినంత మాత్రాన ఫైల్ మారదు, ‘సేవ్ యాజ్’లో మార్చాలి.

ప్రశ్న: అమెరికా వీసా ఫోటోకూ ఇదే సైజా? – కరీంనగర్

కాదు. చతురస్రం కావాలి: 600×600కు తగ్గకుండా, 1200×1200కు మించకుండా, జేపెగ్‌లో, 240 కేబీ లోపు. గడ్డం నుంచి నడినెత్తి దాకా తల ఫోటో ఎత్తులో 50 నుంచి 69 శాతం ఉండాలి. బ్యూటీ మోడ్ ఆపేసి తీయించుకోండి.

ప్రశ్న: సంఘం కరపత్రం డిజైన్ చేసి గ్రూపులో పెడితే తెలుగు వత్తులు అలుక్కుపోతున్నాయి. ఇంగ్లిష్ అక్షరాలు బాగానే ఉంటున్నాయి. – నిజామాబాద్

జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో సన్నటి వివరాన్ని తీసేస్తుంది. ‘స్త్రీ’లాంటి అక్షరంలో వత్తు మొత్తం ఒక గడిలో ఇరుక్కుంటే ఇక మిగిలేది మరకే. ఇంగ్లిష్ అక్షరానికి కింద ఇంకో అంతస్తు లేదు కదా. పీఎన్‌జీగా సేవ్ చేయడం మంచిదే, కానీ ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్నీ జేపెగ్ చేస్తుంది. పీడీఎఫ్ చేసి డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగానే కావాలంటే డిజైన్‌ను మొదటే 1600 పొడవు లోపు చేసి, వత్తు ఎత్తు 16 పిక్సెళ్లకు తగ్గకుండా, లావు ఫాంటుతో, పసుపు మీద ఎరుపుకు బదులు తెలుపు మీద నలుపు వాడండి. విషయం సగానికి తగ్గిస్తే ఇంకా మంచిది. కరపత్రంలో పట్టినంత ఫోన్ తెర మీద పట్టదు.

ప్రశ్న: పెళ్లి ఫోటోలు 800 ఉన్నాయి, ఒక్కోటి 10 ఎంబీ. అమెరికాలో ఉన్న బంధువులకు ఎలా పంపాలి? – భీమవరం

అన్నీ కలిపి 8 జీబీ. గూగుల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీలో సగం పైనే, అందులోనే మీ మెయిళ్లూ ఉంటాయి. ఇర్ఫాన్‌వ్యూ తెరిచి కీబోర్డు మీద ‘బి’ నొక్కండి. ఫోటోలన్నీ చేర్చి, ‘అడ్వాన్స్‌డ్’లో ‘సెట్ లాంగ్ సైడ్’ దగ్గర 2048 ఇచ్చి, రీశాంపుల్ టిక్కు పెట్టండి. జేపెగ్ నాణ్యత 85. అవుట్‌పుట్ ఫోల్డర్ తప్పకుండా వేరేది ఇవ్వండి, లేకపోతే ఒరిజినల్స్ మీదే రాసేసే ప్రమాదముంది. ఒక్కో ఫోటో ఎంబీ లోపుకు వస్తుంది. 2048 ఎందుకంటే ఫేస్‌బుక్ తీసుకునే పెద్ద సైజు అదే, ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ చాలు. 4కే టీవీలో వేసుకుంటామంటే 3840 ఇవ్వండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ తెర రిజల్యూషన్ పెంచితే నేను పంపే ఫోటోలు మెరుగవుతాయా? – బెంగళూరు

అవవు, ఫోటో ఫైల్‌కు మీ తెరతో పని లేదు. స్క్రీన్‌షాట్ తీసి పంపితే మాత్రం తెరే హద్దు: 1080×2400 ఫోన్‌ను నిలువుగా పట్టుకుని అడ్డం ఫోటోకు స్క్రీన్‌షాట్ తీస్తే ఫోటో భాగం 1080×810 మాత్రమే.

ప్రశ్న: మా తాతగారి చిన్న పాస్‌పోర్ట్ ఫోటో ఒక్కటే ఉంది. ఏఐ యాప్‌తో పెద్దది చేసి గోడకు పెట్టుకోవచ్చా? – గుంటూరు

ముందు ఫోన్‌తో ఫోటో తీయడం మాని స్కాన్ చేయించండి, 1200 డీపీఐలో. 35×45 మిల్లీమీటర్ల ఫోటో నుంచి 1650×2125 పిక్సెళ్లు వస్తాయి, 8×10 ప్రింట్‌కు అంగుళానికి 200 చొప్పున పడతాయి. ఏఐ యాప్ లేని వివరాన్ని ఊహించి పూడుస్తుంది. కళ్లూ మీసమూ నున్నగా వస్తాయి గానీ, అవి తాతగారివి కాకపోవచ్చు. ప్రింట్ చేయించేముందు ఆయన్ను ఎరిగిన పెద్దవాళ్లెవరికైనా చూపించండి.