హాస్టల్ ఉద్యోగానికి దరఖాస్తు: పేరు కాదు, పని చూడండి

నాయుడుపేట నుంచి ఒక తండ్రి ఇలా రాశారు: "మా అమ్మాయి చెన్నైలో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) పూర్తి చేసింది. వయసు 24 ఏళ్లు. అక్కడి విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో వార్డెన్ ఉద్యోగాలకు దరఖాస్తు పెడతానంటోంది. ఇంత చదివించింది పిల్లలకు కాపలా కాయడానికా అని నేనూ, వాళ్ల అమ్మా బాధపడుతున్నాం. రేపు సంబంధాలు వచ్చినప్పుడు అమ్మాయి ఏం చేస్తోందని చెప్పుకోవాలి? అసలు ఈ ఉద్యోగాలు ఎక్కడ దొరుకుతాయి, ఎలా అడగాలి, ముందు ముందు ఎదుగుదల ఉంటుందా?"

అయ్యా,

మన జిల్లాల్లో హాస్టల్ వార్డెన్ అనగానే సంక్షేమ హాస్టలు, బియ్యం బస్తాల లెక్కలు, హాజరు పట్టీ గుర్తుకు వస్తాయి. అది ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి భర్తీ చేసే ఉద్యోగం, దాని దారి పూర్తిగా వేరు. మీ అమ్మాయి కోరుకుంటున్నది ఇంటికి దూరంగా, పద్దెనిమిదేళ్ల వయసులో, మొదటిసారి ఒంటరిగా గడుపుతున్న వందలాది విద్యార్థినుల మధ్య ఉండి చేసే పని. ర్యాగింగ్ నిరోధానికి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2009లో జారీ చేసిన నిబంధనలు ప్రతి హాస్టలుకు పూర్తికాలపు వార్డెన్ ఉండాలనీ, ఆమె హాస్టల్లోనే గానీ దగ్గరలో గానీ నివసించాలనీ, క్రమశిక్షణను కాపాడగలగడంతో పాటు తరగతి గది బయట విద్యార్థులతో మాట్లాడి వారికి కౌన్సెలింగ్ చేయగల నేర్పు కూడా ఆమెకు ఉండాలనీ చెబుతున్నాయి. ఈ కౌన్సెలింగ్ నేర్పుకు ఎం.ఎస్.డబ్ల్యూ. కంటే దగ్గరి చదువు నాకు తెలిసినంతలో లేదు. కాబట్టి మీ అమ్మాయి తన చదువును పక్కన పెట్టడం లేదు, దాన్ని వాడుకునే చోటే వెతుకుతోంది.

అయితే ఆమె ముందుగా గ్రహించవలసింది ఒకటుంది. ఈ రంగంలో ఉద్యోగం పేరును బట్టి పని తెలియదు. పెద్ద విద్యాసంస్థల్లో 'వార్డెన్' అనే హోదా చాలావరకు అక్కడి అధ్యాపకులకు అదనపు బాధ్యతగా ఇస్తారు, దానికి బయటివారు దరఖాస్తు పెట్టుకోలేరు. ఉదాహరణకు ఐఐటీ మద్రాసులో హాస్టళ్లకు గోదావరి, కృష్ణ, నర్మద వంటి నదుల పేర్లున్నాయి. మీ ఊరి మీదుగా పారే స్వర్ణముఖి పేరుతో కూడా ఒకటుంది. అక్కడ వార్డెన్లు ప్రొఫెసర్లే. రోజువారీ పని చూసేవారిని బయట నుంచి తీసుకున్నప్పుడు ఆ ప్రకటనల్లో అసిస్టెంట్ వార్డెన్, రెసిడెంట్ వార్డెన్, డిప్యూటీ వార్డెన్, హాస్టల్ మేనేజర్, కేర్‌టేకర్, సూపర్‌వైజర్ అని రకరకాల పేర్లు కనిపిస్తాయి. ఒక చోట కేర్‌టేకర్ అంటే తాళాలు, నీళ్ల ట్యాంకు, ప్లంబర్ వ్యవహారం. మరో చోట అదే మాటకు రాత్రంతా విద్యార్థినుల బాధ్యత అని అర్థం. అందువల్ల ప్రకటనలో హోదాను వదిలి, కింద రాసిన విధులను రెండుసార్లు చదవమనండి. 'వార్డెన్' అన్న ఒక్క మాటతో వెతికితే సగం అవకాశాలు కంటికి కనబడవు.

వెతకవలసిన చోట్లు చెన్నైలో మూడు రకాలు. ఒకటి, ప్రభుత్వ, కేంద్ర విద్యాసంస్థలు. వీటి వెబ్‌సైట్లలో బోధనేతర నియామకాల విభాగాన్ని వారానికి ఒకసారి చూడాలి. కాంట్రాక్టు పద్ధతిలో తీసుకునే పోస్టులకు గడువు చాలా తక్కువగా ఉంటుంది, కొన్నిసార్లు నేరుగా ఇంటర్వ్యూకే పిలుస్తారు. రెండు, నగరం దక్షిణ శివార్లలో వండలూరు, కేళంబాక్కం, కాట్టాంకొళత్తూరు వైపున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. మీ అమ్మాయికి ఎక్కువ అవకాశం ఇక్కడే అని నా అభిప్రాయం. వీటిలో మన తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. రాత్రి పదకొండు గంటలకు గుంటూరు నుంచి ఒక తల్లి కంగారుగా ఫోన్ చేస్తే ఆమె భాషలో నిదానంగా సమాధానం చెప్పగల మనిషి ఆ హాస్టలుకు ఎంత అవసరమో అక్కడి యాజమాన్యాలకు తెలుసు. అందుకని దరఖాస్తులో తెలుగు అన్న మాటను చివరి వరుసలో దాచకుండా పైనే రాయాలి. వంటవారితో, సెక్యూరిటీ సిబ్బందితో తమిళంలో మాట్లాడగలిగితే దాన్ని పక్కనే చేర్చాలి. మూడు, కాలేజీలకు బయట విద్యార్థులకు వసతి నడిపే ప్రైవేటు కంపెనీలు. చెన్నైలో వీటి ఉద్యోగాల్లో వసూళ్లు, గదులు నింపడం కూడా పనిలో భాగం కావచ్చు కనుక, అక్కడ ఆ సంగతి అడగకుండా చేరకూడదు. హాస్టళ్లు జూలై, ఆగస్టు నెలల్లో నిండుతాయి; ఏప్రిల్ నుంచే ప్రయత్నం మొదలుపెట్టడం మంచిది.

దరఖాస్తు విషయానికి వస్తే, 'కష్టపడి పనిచేస్తాను, ఓపిక ఎక్కువ' అన్న వాక్యాలు ఎవరినీ కదిలించవు. ఎం.ఎస్.డబ్ల్యూ.లో ఆమె ఫీల్డ్‌వర్క్ చేసి ఉంటుంది. ఏ ఆస్పత్రిలో, ఏ ఆశ్రమంలో, ఎన్ని వారాలు, ఎవరితో పనిచేసింది, కేసు నివేదికలు ఎలా రాసిందన్నది నాలుగు వాక్యాల్లో రాయాలి. తాను హాస్టల్లో ఉన్న రోజుల్లో మెస్ కమిటీలోనో మరో బాధ్యతలోనో ఉంటే అది తప్పక రాయాలి. సెయింట్ జాన్ అంబులెన్స్ వంటి సంస్థ దగ్గర ప్రథమ చికిత్స శిక్షణ తీసుకుని ఆ సర్టిఫికెట్ జతచేస్తే పోటీలో ఉన్న చాలామంది కంటే ముందుంటుంది. గదుల కేటాయింపు, ఫిర్యాదుల నమోదు అంతా కంప్యూటర్ మీదే జరుగుతుంది గనుక ఎక్సెల్ వచ్చని రాస్తే సరిపోదు, దానితో ఏం చేయగలదో రాయాలి. రెజ్యూమె ఒక పేజీ దాటకూడదు.

ఇంటర్వ్యూలో దాదాపు అన్ని ప్రశ్నలూ రాత్రి చుట్టూ తిరుగుతాయి. గేటు వేళ దాటినా ఒక అమ్మాయి రాలేదు, ఏం చేస్తారు? అర్ధరాత్రి రెండు గంటలకు జ్వరంతో ఒకరు స్పృహ తప్పారు, ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? ఒక విద్యార్థిని బతకాలని లేదని చెప్పి, ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకోబోయింది, మీరు ఇస్తారా? ఈ చివరి ప్రశ్న దగ్గరే మంచి మనసున్నవారు కూడా తడబడతారు. అలాంటి మాట ఇవ్వకూడదు. ఆమెను ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి, సంస్థలోని కౌన్సెలర్‌కు, పై అధికారికి వెంటనే తెలియజేస్తానని చెప్పాలి. 108 అంబులెన్సు, 2022లో కేంద్రం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416, ర్యాగింగ్ ఫిర్యాదులకు యూజీసీ నంబరు 1800-180-5522 ఆమె నోటికి రావాలి. ఏ సంఘటన జరిగినా తేదీ, సమయంతో రాసి ఉంచుతానని చెప్పడం కూడా మరచిపోకూడదు. అది విద్యార్థినికీ రక్షణ, ఉద్యోగినికీ రక్షణ.

ఇక మీరు తండ్రిగా శ్రద్ధ పెట్టవలసిన భాగం ఉద్యోగపు షరతులు. కొన్నేళ్ల క్రితం నా సలహాతోనే ఒక అమ్మాయి శివారులోని ఒక హాస్టల్లో చేరింది. భోజనం, గది ఉచితమన్నారు. చేరాక చూస్తే ఆ గదిలో సగం దుప్పట్లు, పరుపుల నిల్వ. వారాంతపు సెలవు రోజున ఆమె స్థానంలో ఉండేవారు లేకపోవడంతో మూడు నెలల్లో ఒక్క ఆదివారమూ ఇంటికి వెళ్లలేకపోయింది. నియామక పత్రంలో ఈ రెండింటి గురించీ ఒక్క ముక్క కూడా లేదు. దాన్ని ముందుగా చదివించకపోవడం నా పొరపాటే, ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటినుంచి నేను ఎవరికైనా చెప్పేది ఇదే: ఇది పనిచేసే చోటే నివసించే ఉద్యోగం, కాబట్టి జీతం అడిగినంత వివరంగా గది గురించీ, సెలవు గురించీ అడగాలి. గది ఒక్కరిదేనా, తలుపుకు లోపల గడియ ఉందా, భోజనం ఖర్చు జీతంలోంచి కోస్తారా, వారంలో ఏ రోజు సెలవు, ఆ రాత్రి ఎవరు బాధ్యత తీసుకుంటారు, ఉద్యోగం మానేస్తే గది ఖాళీ చేయడానికి ఎన్ని రోజులిస్తారు? ఈ జవాబులు కాగితం మీద ఉండాలి. జీతం ఇచ్చేది విశ్వవిద్యాలయమా, మధ్యలో ఉన్న మ్యాన్‌పవర్ ఏజెన్సీయా అన్నది కూడా తెలుసుకోండి, ఎందుకంటే పీఎఫ్ జమ చేయవలసింది, నెల జీతం 21,000 రూపాయలు దాటని వారికి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కట్టవలసింది ఆ యజమానే. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోవాలి, అక్కడ వదలకూడదు. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారితో మాట్లాడడమే అనవసరం.

మహిళల హాస్టళ్లకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ తమిళనాడులో 2014లో ఒక చట్టం వచ్చింది. ప్రైవేటు హాస్టలైతే ఆ లైసెన్సు ఉందో లేదో మొదటి రోజే అడగడంలో తప్పులేదు.

ఎదుగుదల ఉంది, అయితే అది తనంతట తాను రాదు. రెండు మూడేళ్ల తర్వాత హాస్టళ్ల పరిపాలన, విద్యార్థి సంక్షేమ కార్యాలయాలు, కౌన్సెలింగ్ విభాగాల వైపు వెళ్లవచ్చు. ఆ దారిలో అనుభవ ధ్రువపత్రమే ఆస్తి. ఆమె ఎప్పుడైనా అమెరికాలో చదవాలనుకుంటే, అక్కడి విశ్వవిద్యాలయాల్లో హాస్టల్లో తోటివారి బాగోగులు చూసేందుకు విద్యార్థులకే ఇచ్చే రెసిడెంట్ అసిస్టెంట్ పనికి ఈ అనుభవం పనికొస్తుంది. ఆ పనికి ప్రతిఫలంగా చాలా చోట్ల గది, తరచుగా భోజనం కూడా ఇస్తారు, చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి క్యాంపస్‌లో పనిచేయకూడదన్న వీసా నియమం మాత్రం ఉంది.

సంబంధాల సంగతి అడిగారు. విశ్వవిద్యాలయ హాస్టల్లో విద్యార్థినుల సంక్షేమం చూస్తోందని చెప్పండి, అది నిజం కూడా. పెళ్లయ్యాక కూడా హాస్టల్లోనే ఉండవలసి వస్తుందా, కుటుంబంతో ఉండే క్వార్టర్ ఇస్తారా అన్నది మాత్రం మీరూ ఆమే కలిసి ఇప్పుడే మాట్లాడుకోవలసిన విషయం. ఎక్కడైనా ఎంపికైతే ఒక ఆదివారం రైలెక్కి వెళ్లి ఆ గదిని మీరు స్వయంగా చూడండి. నియామక పత్రం చేతికి వచ్చాక, ఆమె సంతకం పెట్టేలోగా దాని నకలు నాకు పంపండి, చదివి చెబుతాను.