సఫారీ చివర జాంజిబార్: ఈఎంఐ తీసుకోవాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. ఇద్దరం రిటైర్డ్ టీచర్లం. నాకు 61, మా ఆవిడకు 58. వచ్చే ఆగస్టులో కెన్యా, టాంజానియాల్లో 16 రోజుల టూర్ కోసం రూ. 9 లక్షలు కూడబెట్టుకున్నాం. అందులో మసాయి మారా (కెన్యా), సెరెంగెటి (టాంజానియా) అభయారణ్యాలు రెండూ ఉన్నాయి. చివర్లో జాంజిబార్ దీవిలో అయిదు రాత్రులు ఉండాలని మా ఆవిడ కోరిక. దానికి మరో రూ. 1.6 లక్షలవుతుందని, ఈఎంఐ పెట్టుకోవచ్చని ఏజెంట్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: జాంజిబార్‌ను వదులుకోకండి, ఈఎంఐ మాత్రం వద్దు. తిరిగొచ్చాక నెలనెలా మందులకు, ఇంటి ఖర్చుకు పోవాల్సిన పింఛనులోంచే ఆ వాయిదా కట్టాలి. అలాగని దీవిని కోసేయడమూ సరికాదు. రెండు వారాలకు పైగా గతుకుల దారుల్లో జీపులో తిరిగాక ఈ వయసులో విశ్రాంతి అవసరం. తగ్గించాల్సింది సఫారీలోనే.

మొదట, వెళ్లే నెలను ఆగస్టు నుంచి జూన్‌కు మార్చండి. మసాయి మారాలో విదేశీయుల ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ దాకా మనిషికి రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. మూడు రోజులకు మీ ఇద్దరికీ కలిపి 600 డాలర్లు, అంటే రూ. 50 వేలకు పైనే తేడా. జూన్‌లో వెళ్తే మారా నదిని విల్డెబీస్ట్ అనే జింక జాతి జంతువుల మందలు దాటడం చూడలేకపోవచ్చు. నిజమే, అది చిన్న లోటు కాదు. కానీ ఆ నెలలో మందలు సాధారణంగా సెరెంగెటి పడమటి వైపు, గ్రుమెటి నది దగ్గర ఉంటాయి. అక్కడ బస ఇవ్వమని అడగండి. మార్చి నుంచి మే దాకా ఉండే పెద్ద వానలు జూన్‌కల్లా తగ్గుతాయి కాబట్టి దీవిలోనూ ఇబ్బంది ఉండదు.

అయిదు రాత్రులను నాలుగు చేయండి: ఒకటి దీవిలోని పాత పట్నం స్టోన్ టౌన్‌లో, మూడు ఉత్తర తీరంలోని నుంగ్వి లేదా కెండ్వాలో. తూర్పు తీరంలోని పాజె, జంబియానీల్లో ఆటుపోట్లకు సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది. ఈత కోసం గంటల తరబడి ఎదురుచూడాలి. విమానం టికెట్ వెళ్లేటప్పుడు నైరోబీకి, వచ్చేటప్పుడు జాంజిబార్ నుంచి తీసుకోండి. మళ్లీ నైరోబీకి రావడమంటే డబ్బూ, ఒక రోజూ దండగ.

ఏజెంట్ చెప్పిన ధరలో టీసీఎస్ (విదేశీ టూర్ ప్యాకేజీ మీద ఏజెంట్ ముందుగానే వసూలు చేసే పన్ను) కలిసి ఉందా అని అడగండి. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది. అందుకే మీ ఇద్దరిలో పన్ను కట్టాల్సి వచ్చేవారి పాన్ మీద బుక్ చేయండి. జాంజిబార్ హోటల్ ఒక్కటే మీరే నేరుగా బుక్ చేసుకుంటే అది ప్యాకేజీ కిందికి రాదు, దాని మీద టీసీఎస్ పడదు. అయితే కార్డు మీద పడే విదేశీ మారకపు చార్జీ చూసుకోండి. టాంజానియా వీసాయే దీవికీ చెల్లుతుంది. కానీ మనిషికి 44 డాలర్ల జాంజిబార్ బీమా తప్పనిసరి. మన దేశంలో తీసుకున్న ట్రావెల్ పాలసీ ఉన్నా అది కట్టాల్సిందే.

ఇంకా లోటు మిగిలితే యాత్రను ఆపై ఏడాది జూన్‌కు జరపండి. ఏజెంట్ చెప్పిన ఈఎంఐ మొత్తాన్నే ఇప్పటి నుంచి ఆర్‌డీలో వేయండి. వడ్డీ మీరు కట్టే బదులు మీకే వస్తుంది.

అడ్వాన్సు కట్టే ముందు మరొక పని ఉంది. కెన్యా వెళ్లొచ్చేవారికి ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాలి. అది లేకుంటే తిరిగొచ్చాక క్వారంటైన్‌లో ఉంచే ప్రమాదం ఉంది. 60 దాటినవారికి ఈ టీకా విషయంలో డాక్టర్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడతారు. కాబట్టి ముందు మీ డాక్టర్‌ను కలవండి. ఆయన సరేనంటే హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోండి. డాక్టర్ వద్దంటే రూటే మారిపోవచ్చు, అప్పటికే అడ్వాన్సు కట్టేసి ఉంటే అది వెనక్కి రాకపోవచ్చు.