విమర్శ మానేయకండి, వరుస మార్చండి

బ్రిటిష్ టీవీ ధారావాహిక ‘డాక్టర్ హూ’ అంటే ప్రాణం, కానీ దాని మీద విమర్శ చదివితే చూసిన ఆనందం చప్పబడిపోతోంది, చదవడం మానేయాలా అని అడిగారు. మానేయకండి. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్ చేరేలోపు, ఇంకా చూడని కథల మీద విమర్శలు చదివేస్తున్నానని మీరే రాశారు. చిక్కు అక్కడే ఉంది. ముందు కథ చూడండి. నచ్చినదీ నచ్చనిదీ రెండు ముక్కల్లో రాసుకోండి. ఆ తర్వాత విమర్శ తెరిస్తే ఆ విమర్శకుడితో మీరు వాదించగలరు.

1975 నాటి ‘జెనిసిస్ ఆఫ్ ది డాలెక్స్’తో మొదలుపెట్టండి. కథానాయకుడైన డాక్టర్, పేలుడు పదార్థాలకు కలిపిన రెండు తీగలు పట్టుకుని నిలబడతాడు. కలిపితే అతడి బద్ధశత్రువులైన డాలెక్‌ల జాతి మొలకలోనే అంతమవుతుంది. తనకా హక్కు ఉందా అని ఆగిపోతాడు. ఇది కరుణా, తప్పించుకోవడమా? తర్వాత ఆ పని పూర్తి చేయడానికే తిరిగి వెళతాడు, తీరా ఒక డాలెక్ తీగల మీదుగా వెళ్లడంతో పేలుడు జరుగుతుంది. రచయిత డాక్టర్ చేతికి మసి అంటకుండా కాపాడాడా? ఇలాంటి ప్రశ్న దగ్గర మిమ్మల్ని కూర్చోబెట్టేవాడే నా దృష్టిలో మంచి విమర్శకుడు. ఆ ప్రశ్నతో చూశాక ఆ కథ నాకు మరింత ప్రియమైంది.

1963లో మొదలై, 1989లో ఆగి, 2005లో మళ్లీ వచ్చిన ధారావాహిక ఇది. ఎన్నో చేతులు మారింది, హెచ్చుతగ్గులు సహజం. ఒక్క సన్నివేశమైనా చూపకుండా ‘అంతా పాడైపోయింది’ అనే రాతలను నిస్సంకోచంగా వదిలేయండి. 2020 నాటి ‘ది టైమ్‌లెస్ చిల్డ్రన్’ మీద వాదోపవాదాలను మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. డాక్టర్ పుట్టుక రహస్యం అందులోనే బయటపడుతుంది, మీరింకా అక్కడికి చేరలేదు కదా.