ఎక్కువ ఏళ్ళు బతికే పిల్లి జాతి ఏది? మిల్లు పిల్లితో పంతొమ్మిదేళ్ళు గడిపాక నా జవాబు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఉండేది మహబూబ్‌నగర్‌లో. పెంచుకున్న పిల్లి మూడేళ్ళకే పోయింది. ఎనిమిదేళ్ళ పాప నెల రోజులు సరిగా అన్నం తినలేదు. ఈసారి బాగా ఎక్కువ కాలం బతికే జాతినే తెచ్చుకోవాలని మీ ఆలోచన. హైదరాబాద్‌లో ఒకరు పర్షియన్ కూనను పదిహేను వేలకు ఇస్తామన్నారు, తీసుకోవచ్చా అని అడిగారు.

నాది నల్లగొండ. పశువైద్యురాలిని కాను, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. ఒక నాటు పిల్లిని పంతొమ్మిదేళ్ళు, ఒక పర్షియన్‌ను తొమ్మిదేళ్ళు సాకాను. ఆ రెండు అంకెల్లోనే నా జవాబు సగం ఉంది.

ముందు మీరు అడిగిన జాతుల సంగతి. పేరున్నవి బర్మీస్, బిర్మన్, సియామీస్. బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్ళు దాదాపు ఎనిమిది వేల పిల్లుల మరణాల వివరాలు తీసుకుని 2024లో ఆయుర్దాయం పట్టికలు వేశారు. బర్మీస్, బిర్మన్ రెండూ 14.4 ఏళ్ళతో పైన నిలిచాయి. మొత్తం పిల్లుల సగటు 11.7. ఒంటిమీద బొచ్చులేని స్ఫింక్స్ ఏడేళ్ళు కూడా దాటక అట్టడుగున ఉంది. ఆడపిల్లులు మగవాటికంటే ఏడాదికి పైగా ఎక్కువ బతికాయి. ఏ జాతీ కాని కలగలుపు పిల్లులు, అంటే మన నాటు పిల్లుల లాంటివి, మొత్తంగా చూస్తే జాతి పిల్లులకంటే ఏడాదిన్నర దాకా ముందున్నాయి. ఈ చివరి ముక్క అమ్మకందారు మీకు చెప్పడు.

అయితే సగటు అనే మాటతో ముప్పై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, దాన్ని పూర్తిగా నమ్మను. ఇంట్లో ఒక పిల్లి ఇరవై ఏళ్ళు బతికి, మరొకటి రెండేళ్ళకే బండి కిందపడితే సగటు పదకొండు వస్తుంది. పదకొండేళ్ళు బతికిన పిల్లి మాత్రం ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. పైగా ఆ పట్టికలోవి చలిదేశపు పిల్లులు, వాటి డాక్టర్లు వేరు, వాటి వీధులు వేరు.

రికార్డులు చూసినా అంతే. ఇప్పటిదాకా అందరికంటే ఎక్కువ కాలం బతికిన పిల్లిగా గిన్నిస్ పుస్తకంలో ఉన్నది అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ ఊరి క్రీమ్ పఫ్. 1967 ఆగస్టు 3న పుట్టి 2005 ఆగస్టు 6న పోయింది, 38 ఏళ్ళ 3 రోజులు. అదేమీ జాతి పిల్లి కాదు, కలగలుపుదే. దాన్ని పెంచిన జేక్ పెర్రీ ఇంట్లోనే అంతకుముందు మరో పిల్లి 34 ఏళ్ళు బతికింది. అది స్ఫింక్స్ సంకరం, అంటే పట్టికలో అట్టడుగున ఉన్న జాతి రక్తమే! రెండు వేరు వేరు పిల్లులు, ఇల్లు మాత్రం ఒక్కటే. నన్నడిగితే రికార్డు ఆ ఇంటికి ఇవ్వాలి. (ఆయన వాటికి గుడ్లు, బ్రోకలీ, మీగడ కాఫీ పెట్టేవాడట. దయచేసి మీరు కాఫీ పోయకండి.)

ఇక మా నూకలు సంగతి.

మా నాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. మిల్లులో ఎలుకల కోసం పిల్లులుండేవి కానీ ఏ ఒక్కటీ రెండు మూడేళ్ళు దాటేది కాదు. ఎలుకలకు మందు పెట్టేవారు, మందు తిన్న ఎలుక తూలుతూ తేలిగ్గా దొరికేది, దాన్ని తిన్న పిల్లి బస్తాల వెనక చేరి పడుకునేది. అంతే. 2001 వానాకాలంలో అలా తల్లి పోయిన కూనను నాన్న జేబురుమాలులో చుట్టి తెచ్చారు. నూకల కుప్పలో దొరికింది కాబట్టి నూకలు అని పిలిచాం. మా అమ్మ అప్పుడే అంది, “పేరు మంచిదే, భూమ్మీద దీనికి నూకలు ఉన్నాయేమో చూద్దాం” అని.

మరుసటి ఏడే నాలుగు కూనలను పెట్టింది. ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, మాకు ఏడిళ్ళు లేవు, అందుకని బీరువా పైకి, బియ్యం డ్రమ్ము వెనక్కి, నాన్న పడక కిందికి, చివరికి నా ట్రంకు పెట్టెలోకి తిప్పింది. నాలుగింటిలో మూడు పోయాయి, ఒక్కదాన్ని మిల్లు మేస్త్రీ తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ఇక కూనలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలనుకున్నాం. 2003లో నాన్న ఉద్యోగం మానేసి, అమ్మతో, నూకలుతో నల్లగొండలో నా దగ్గరికి వచ్చేశారు. ఇక్కడి డాక్టరు గారు ఉన్నమాట చెప్పారు: “అమ్మా, నా చేయి బర్రెలకు, మేకలకు అలవాటు పడ్డది. పిల్లి చిన్న ప్రాణం, హైదరాబాద్ తీసుకెళ్ళండి.” అదే రోజుల్లో నగరంలో బంధువుల పెళ్ళి పడింది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడం అనే సామెతను అక్షరాలా ఆచరించినది మా ఇంట్లో నేనొక్కదాన్నే. రైల్లో వెదురుబుట్ట మీద పాత చీర కట్టి ఒళ్ళో పెట్టుకుంటే, సికింద్రాబాద్ వచ్చేదాకా బుట్ట ఒకటే రాగం తీసింది.

పోయిన మీ పిల్లి ఆడదో మగదో, ఎలా పోయిందో మీరు రాయలేదు. మూడేళ్ళు అన్నారు కాబట్టి నా అనుమానం ఇది: గండుపిల్లి అయితే, ఆపరేషన్ చేయించకపోతే, జతకోసం రాత్రిళ్ళు రోడ్లు దాటుతుంది, కొట్లాటల్లో గాట్లు పడి చీము పడుతుంది. కొరుకుళ్ళతోనే అంటుకునే వైరస్ జబ్బులు కూడా ఉన్నాయి. ఐదారు నెలల వయసులో ఆపరేషన్ చేయిస్తే ఆ తిరుగుడు చాలావరకు తగ్గుతుంది. ఆడదానికైతే కాన్పుల బాధ పోవడమే కాదు, మొదటి ఎద రాకముందే చేయిస్తే రొమ్ము కేన్సర్ ముప్పు కూడా బాగా తగ్గుతుంది.

నల్లగొండలో మాది మేడమీద వాటా. నూకలు బయటికి పోదు, ఎలుకలు లేవు. నా మనసు నిశ్చింతగా ఉంది. ఇక్కడే పెద్ద పొరపాటు చేశాం. మా ఇంట్లో నీచు వండరు. పొద్దున పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి మళ్ళీ పెరుగన్నం. అది కూడా గిన్నె నాకి నాకి తినేది. రెండేళ్ళు గడిచాయి. 2005లో ఒక సాయంత్రం దీపం పెట్టే వేళ, వంటింట్లోంచి వస్తూ వస్తూ నూకలు ముక్కాలి పీటకు తలకొట్టుకుంది. పక్కకు తప్పుకుని మళ్ళీ గడపకు కొట్టుకుంది. ఎత్తుకుని ట్యూబులైటు కింద చూస్తే వెలుగులో కూడా కంటిపాప సన్నబడలేదు, నల్లగా గుండ్రంగా అలాగే ఉంది.

హైదరాబాద్‌లో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న “ఏం పెడుతున్నారు?” అని. టారిన్ అనే పదార్థం మనుషుల ఒంట్లో తయారవుతుంది, పిల్లి ఒంట్లో సరిపడా తయారు కాదు, మాంసం నుంచే అందాలి. అందకపోతే కంటిపొర చెడుతుంది, గుండె కండరం సాగిపోతుంది. అమెరికాలో 1980లలో దుకాణాల్లో అమ్మే పిల్లి మేతలోనే ఇది చాలక పిల్లులు గుండె జబ్బుతో చనిపోయేవట. 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు కారణం పట్టుకున్నాక మేతలో దాన్ని పెంచారు. మిల్లులో ఎలుకలు తిన్నన్నాళ్ళు మా పిల్లికి ఏ లోటూ లేదు. మేము ప్రేమగా దగ్గర కూర్చోబెట్టుకుని కళ్ళు పోగొట్టాం.

ఆ రాత్రి అమ్మ ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున పాత సత్తుగిన్నె ఒకటి, కిరోసిన్ స్టవ్ ఒకటి తీసి మేడమెట్ల కింద పెట్టి, “ఇంట్లోకి మాత్రం తేవద్దు” అంది. చికెన్ కొట్టులో కోడి గుండెలు అడిగి తెచ్చేదాన్ని, టారిన్ గుండెలో ఎక్కువ. కొట్టతను మొదట్లో నన్ను వింతగా చూసి, తర్వాత నేను కనబడగానే పొట్లం కట్టి పెట్టేవాడు. ఉడికించిన నీళ్ళు పారబోయకూడదు, సగం సారం అందులోకే దిగుతుంది. కార్జం వారానికి ఒకసారి చాలు, రోజూ పెడితే ఎ విటమిన్ ఎక్కువై ఎముకలు పట్టేస్తాయి. పోయిన చూపు తిరిగి రాలేదు కానీ మిగిలినది నిలిచింది. ఆ తర్వాత మరో పదిహేనేళ్ళు బతికింది. ఊళ్ళో పొడి మేత సంచులు దొరకడం మొదలయ్యాక అమ్మ ఊపిరి పీల్చుకుంది. కొనేటప్పుడు పూర్తి ఆహారం అని రాసి ఉందో లేదో చూడండి, కుక్కల మేత మాత్రం పిల్లికి పెట్టవద్దు.

ఇంకొకటి చెప్పాలి, ఇది ప్రాణం పోయే సంగతి. ఒకసారి దానికి ఒళ్ళు కాలిపోతుంటే, పక్కవీధిలో ఒక మందుల షాపులో చిన్నపిల్లల జ్వరం సిరప్ ఇచ్చారు, నాలుగు చుక్కలు పట్టమన్నారు. పట్టేముందు ఎందుకో డాక్టరుకు ఫోను చేశాను. “పారాసెటమాల్ అయితే పారబోయండి” అని అరిచినంత పని చేశారు. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి. మనకు అరమాత్ర, దానికి విషం. కుక్కలకు పూసే పెర్మెత్రిన్ పిడుదుల మందు కూడా అంతే.

ఇక పర్షియన్ విషయానికి వస్తాను. 2012లో మా అబ్బాయి హైదరాబాద్‌లో కొని, హాస్టల్లో ఒప్పుకోకపోతే నా నెత్తిన పెట్టాడు. పేరు రాజా. నిజంగా రాజే, కూర్చుంటే దిండులా ఉండేవాడు, ఎవరినీ గీరలేదు. కానీ ఆ చప్పిడి ముఖం వల్ల కళ్ళు ఎప్పుడూ కారుతుండేవి, రోజూ తడిగుడ్డతో తుడవాలి. ముక్కు లేనట్టే కాబట్టి ఊపిరికి కష్టం. మే నెలలో నల్లగొండ ఎండ మీకు చెప్పనక్కరలేదు, మీ ఎండా తక్కువది కాదు. 44, 45 డిగ్రీల్లో నూకలు బాత్రూం బండ మీద నిద్రపోయేది, రాజా నోరు తెరిచి కుక్కలా వగర్చేవాడు. కూలర్ ముందు తడి గోనెపట్టా వేసి పడుకోబెట్టేదాన్ని. కరెంటు పోతే నా గుండె దడ.

తొమ్మిదో ఏట తిండి మానేశాడు. స్కానింగ్‌లో మూత్రపిండాలు రెండూ ద్రాక్షగుత్తుల్లా కనబడ్డాయి, నిండా నీటి బుడగలు. పర్షియన్లలో వంశపారంపర్యంగా వచ్చే జబ్బు ఇది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా చాలు, కూనల్లో సగానికి రావచ్చు. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి చేసే జన్యు పరీక్షతో ముందే తెలుస్తుంది. మీకు పదిహేను వేలకు ఇస్తామన్న మనిషిని తల్లిదండ్రుల పరీక్ష కాగితం చూపించమని అడగండి. కాగితం లేదంటే, తల్లిని చూపించనంటే, ఆ గుమ్మంలో నిలబడవద్దు. బర్మీస్, బిర్మన్ కావాలంటే మన జిల్లాల్లో నాకైతే ఎక్కడా కనబడలేదు.

నూకలుకూ చివరికి మూత్రపిండాలే. కానీ అది పదహారో ఏట, వయసుతో వచ్చినది. ముసలి పిల్లి ఉన్నట్టుండి నీళ్ళు ఎక్కువగా తాగుతుంటే మురిసిపోకండి, రక్తపరీక్ష చేయించండి. డాక్టరు నేర్పితే ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కించాను. క్యాలెండర్ మేకుకు సీసా తగిలించి, మెడ వెనక చర్మం గుడారంలా ఎత్తి సూది పెట్టడం. మావారు పట్టుకునేవారు, సూది చూడలేక గోడవైపు తిరిగి. వంద మిల్లీలీటర్లు ఎక్కేసరికి వీపుమీద మూపురం లేచేది, సాయంత్రానికి ఆ నీరు ముందుకాళ్ళలోకి జారి ఏనుగు పాదాలయ్యేవి, పొద్దుటికి మాయం. రెండురోజులకోసారి, మూడేళ్ళు. 2020 సెప్టెంబరులో వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం అమ్మ మంచం కింద పోయింది. అప్పటికి అమ్మ పోయి నాలుగేళ్ళు. మంచం మాత్రం కదపలేదు మేము.

ఇంత రాశాక మీ ప్రశ్నకు సూటిగా: పర్షియన్ వద్దు. ఒక నాటు ఆడకూనను తెచ్చుకోండి, రేబిస్ టీకాతో పాటు పిల్లులకు వేసే మూడు జబ్బుల టీకా వేయించండి, మిగిలిన డబ్బు ఆపరేషన్‌కు, బాల్కనీకి వల కట్టించడానికి దాచండి.

కూన ఎక్కడ దొరుకుతుందంటారా, మా వెనక వీధి బియ్యం దుకాణంలో ఖాళీ గోనెసంచుల మధ్య మూడున్నాయి, కళ్ళు తెరిచి నాలుగు రోజులైంది. రెండు నెలలు నిండేదాకా తల్లిని వదలకూడదు, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వవద్దని దుకాణదారుకు చెప్పాను. అందులో ఒకటి చారల ఆడది, ఇప్పటినుంచే అన్నల మీదెక్కి తొక్కుతోంది. పాపను తీసుకుని రండి. మీ ఊరి పిల్లలమర్రిని నాకు చిన్నప్పుడు మా నాయనమ్మ పిల్లులమర్రి అని చెప్పి నమ్మించింది, ఆ కథ కూడా పాపకు చెబుతాను. బుట్ట మాత్రం మీరే తెచ్చుకోవాలి, నా బుట్ట అడుగు నూకలు గీరి గీరి ఎప్పుడో ఊడగొట్టింది.