తైవాన్ అమ్మాయిల బృందం పరాయి దేశంలో నిలదొక్కుకోగలదా? షిన్‌చూలో ఉన్న రోజుల నుంచి ఒక జవాబు

కొరియన్ బృందాల్లో అక్కడొకరు ఇక్కడొకరు తైవాన్ అమ్మాయిలు కనిపిస్తున్నారు గాని, అందరూ తైవాన్ వారే ఉన్న అమ్మాయిల బృందం ఏదైనా విదేశంలో పేరు తెచ్చుకుందా అని మీరు అడిగారు. తెచ్చుకుంది, అయితే అది కొరియాలోనో జపాన్‌లోనో కాదు. 2013 నుంచి 2018 వరకు తైవాన్‌లోని షిన్‌చూ నగరంలో పరిశోధక విద్యార్థిగా ఉన్నందువల్ల, సంగీతంలో నాకు ప్రత్యేక పరిజ్ఞానమేమీ లేకపోయినా, ఈ విషయాన్ని కొంత దగ్గరగా చూడగలిగాను.

మా ప్రయోగశాలలో ఎవరి థీసిస్ పూర్తయినా అందరం కేటీవీకి వెళ్లేవాళ్లం. కేటీవీ అంటే గంటల లెక్కన గది అద్దెకు తీసుకుని, తెర మీద వచ్చే అక్షరాలను చూస్తూ పాడుకునే చోటు. నాకు అక్షరాలు రావు కాబట్టి వేరుశనగలు తింటూ కూర్చునేవాణ్ణి. మా తైవాన్ మిత్రులు, మలేషియా నుంచి వచ్చిన ఒక చైనీస్ విద్యార్థిని, ఒక సెమిస్టరు కోసం చైనా నుంచి వచ్చిన ఒక యువకుడు తెర చూడకుండానే కలిసి పాడగలిగిన పాటలు కొన్ని ఉండేవి. అవి ఎవరివని అడిగితే ప్రతిసారీ ఒకే పేరు వచ్చేది: ఎస్.హెచ్.ఇ. తైవాన్ తనదేనని చైనా అంటుంది కాబట్టి, రాజకీయాల ప్రస్తావన వస్తే మాట మార్చేసే వాళ్లందరూ ఆ పాటల దగ్గర మాత్రం మైకు కోసం పోటీ పడేవారు.

సెలీనా, హీబీ, ఎల్లా అనే ముగ్గురు అమ్మాయిల పేర్లలోని మొదటి అక్షరాలే ఆ బృందం పేరు. 2000లో తైవాన్ రాజధాని తైపేలో జరిగిన ఒక ప్రతిభా పోటీ ద్వారా ఎంపికైన వీరిని హిమ్ ఇంటర్నేషనల్ మ్యూజిక్ సంస్థ ఒక బృందంగా కూర్చింది. తొలి ఆల్బమ్ 2001 సెప్టెంబరు 11న వెలువడింది. అదే రోజు రాత్రి న్యూయార్క్ వార్త వచ్చి, ఇక ఎవరికీ ఇంకేదీ వినిపించని పరిస్థితి ఏర్పడినా ఆ ఆల్బమ్ నిలబడటం విశేషమే. సెలీనాది తైపే, ఎల్లాది దక్షిణాన ఉన్న పింగ్‌తుంగ్, హీబీది మా షిన్‌చూ పక్కనే ఉన్న హూకౌ. ప్యాసింజరు రైల్లో నాలుగో స్టేషన్ అది. ఎర్ర ఇటుకల వరండాలున్న అక్కడి పాత వీధిని చూడటానికి వెళ్లినప్పుడు, టీ కొట్టు నడిపే పెద్దావిడ ఆమె తమ ఊరి పిల్ల అని చెప్పి, అంతటితో ఆగక, హక్కా పిల్ల అని కూడా చెప్పింది.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ రెండో మాటలోనే ఉందని నాకు తర్వాత అర్థమైంది. హక్కాలు సొంత భాష ఉన్న ఒక చైనీస్ సముదాయం. వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు మాట్లాడేది హక్కా భాష, దక్షిణాదిన ఎక్కువ ఇళ్లలో వినిపించేది తైవానీ. వీటిలో ఏదీ చైనా అధికార భాష అయిన మాండరిన్ కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చైనా నుంచి వచ్చిన కుమింతాంగ్ పార్టీ ప్రభుత్వం బడుల్లో మాండరిన్‌ను తప్పనిసరి చేసి, ఇంటి భాష మాట్లాడిన పిల్లలను దండించింది. దాదాపు అదే పని సింగపూర్ ప్రభుత్వం వేరే పద్ధతిలో చేసింది: హొక్కియెన్, తియోచూ వంటి ఇతర చైనీస్ భాషలు మాట్లాడే చైనీస్ కుటుంబాలను మాండరిన్ వైపు మళ్లించేందుకు 1979లో ఒక ఉద్యమమే ప్రారంభించింది. మలేషియాలో చైనీస్ బడులు తరాల తరబడి మాండరిన్‌లో బోధిస్తూ వచ్చాయి. ఈ విధానాల మంచిచెడ్డలు వేరే చర్చ. వాటి ఫలితంగా, 2000 నాటికి తైపే నుంచి కౌలాలంపూర్ దాకా, బీజింగ్ దాకా ఒకే భాషలో పాటలు వినే యువతరం తయారైంది. తైవాన్ జనాభా దాదాపు 2.3 కోట్లు, అంటే మన తెలంగాణ కన్నా తక్కువ. అంత చిన్న మార్కెట్టును నమ్ముకుని ఏ కంపెనీ పెద్ద బృందాన్ని పోషించలేదు. తమ మీద రుద్దిన భాషే బయటి దేశాలకు దారి కావడం తైవాన్ వారికి దక్కిన విచిత్రమైన లాభం.

అందుకే ఎస్.హెచ్.ఇ. కొత్త భాష నేర్చుకోకుండానే సరిహద్దులు దాటింది. 2004లో మొదలుపెట్టిన పెద్ద పర్యటనలో తొలి కచేరీ షాంఘైలోనే పెట్టారు. తైపేలో పేరు, చైనా నగరాల్లో ఆదాయం, సింగపూర్, మలేషియాల్లో విడవని అభిమానులు అన్నట్లుగా వారి లెక్క ఉండేదని నా అంచనా.

అయితే ఆ దారికి సుంకం ఉంది. 2007లో వచ్చిన వారి ఆల్బమ్‌లో ‘జోంగ్‌గువో హువా’ అనే పాట ఉంది. ఆ మాటకు ‘చైనా దేశపు భాష’ అని అర్థం. ప్రపంచమంతా ఈ భాష నేర్చుకుంటోందన్న గర్వం, మధ్యలో మన లక్షభక్ష్యాల లాంటి నోరు తిరగని మాటలు, ఇదీ ఆ పాట. వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ అదే మాండరిన్‌ను తైవాన్‌లో ‘జాతీయ భాష’ అంటారు, సింగపూర్‌లో ‘హువాయూ’ అంటారు, చైనాలో అధికారికంగా ‘సామాన్య భాష’ అంటారు. ఇన్ని పేర్లలో ఏది ఎంచుకున్నావన్నది అక్కడ వ్యాకరణ విషయం కాదు. చైనా మార్కెట్టు కోసం సాగిలపడ్డారని తైవాన్‌లో విమర్శలు వచ్చాయి. కేటీవీలో ఈ పాట పెట్టినప్పుడు మా లాబ్‌లోని ఒక అమ్మాయి మైకు కింద పెట్టేసేది. చైనా యువకుడు దాన్ని గమనించి, తర్వాతి సారి నుంచి ఆ పాట అడగడం మానేశాడు. ఇద్దరూ ఆ సంగతి పైకి మాట్లాడుకోగా నేను వినలేదు.

అక్కడి పనిలో శరీరానికి ఉన్న ప్రమాదం మరొకటి. గాయనులు చైనాలో టీవీ ధారావాహికల్లో నటించడం కూడా ఆ వృత్తిలో భాగం. 2010 అక్టోబరులో షాంఘైలో ఒక ధారావాహికకు పేలుడు దృశ్యం తీస్తుండగా సెలీనా మంటల్లో చిక్కుకుంది, శరీరంలో 54 శాతం కాలింది. మిగిలిన ఇద్దరూ ఆమె స్థానంలో ఎవరినీ తీసుకోకుండా ఆగారు, తర్వాతి ఆల్బమ్ 2012లో గాని రాలేదు. మా మలేషియా స్నేహితురాలు ఈ రెండేళ్ల విరామాన్నే ఆ బృందం గొప్పతనంగా చెప్పేది, పాటల గురించి అంతగా చెప్పేది కాదు.

ఇక జపాన్ సంగతి. అక్కడ తైవాన్ గళం ఎంత ఎత్తుకు వెళ్లగలదో తెరెసా తెంగ్ చూపించింది, కానీ ఆమె వెళ్లింది ఒంటరిగా. 1974లో జపాన్‌లో తొలి రికార్డు ఆడకపోయినా, రెండోదానితో ఆ ఏడాదే కొత్త గాయని పురస్కారం అందుకుంది. జపాన్ 1972లో బీజింగ్ ప్రభుత్వాన్ని గుర్తించిన తర్వాత తైవాన్ పాస్‌పోర్టుతో తిరగడం కష్టమైంది. 1979లో ఆమె ఇండోనేషియా పాస్‌పోర్టుతో టోక్యోలో దిగి పట్టుబడి, దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. 1984లో తిరిగి వచ్చాక మాత్రం జపాన్ కేబుల్ రేడియో మహా పురస్కారాన్ని వరసగా మూడేళ్లు గెలుచుకుంది. ఆమె జపనీస్ ఉచ్చారణను అక్కడివారు మెచ్చుకునే తీరు వింటే, పి. సుశీల తమిళ ఉచ్చారణను తమిళులు మెచ్చుకోవడం గుర్తొచ్చేది. తేడా ఏమిటంటే సుశీల గారు తెర వెనుక పాడారు; తెంగ్ తన ముఖంతో, తన పాస్‌పోర్టుతో వేదికెక్కవలసి వచ్చింది. బృందంగా ప్రయత్నించిన వారూ ఉన్నారు: వారానికి ఏడు రోజులన్నట్లు ఏడుగురు అమ్మాయిలున్న వెదర్ గర్ల్స్ 2013లో జపాన్‌లో అడుగుపెట్టారు. ముచ్చటైన ఆలోచనే గాని, సొంత ఐడల్ బృందాలు కిక్కిరిసి ఉన్న దేశంలో వారికి పెద్ద చోటు దొరకలేదు.

కొరియాలో దారి మరీ ఇరుకు. అక్కడ బృందం కొరియన్ కంపెనీది, భాష వారిది, శిక్షణ వారిది. తైవాన్ నుంచి వెళ్లేది ఒక్క అమ్మాయి. తైనాన్‌కు చెందిన చౌ త్జూయూ 2012లో శిక్షణకు వెళ్లి, 2015 అక్టోబరులో ట్వైస్ బృందంలో సభ్యురాలిగా తెర మీదికి వచ్చింది. ఆ తర్వాత ఒక కొరియన్ కార్యక్రమంలో ఆమె తైవాన్ జెండా పట్టుకున్నందుకు చైనాలో గొడవ లేచింది. 2016 జనవరి 15, శుక్రవారం రాత్రి నాకు బాగా గుర్తుంది. మరునాడు అధ్యక్ష ఎన్నిక. తైవాన్‌లో ఇంటి నమోదు ఎక్కడ ఉంటే అక్కడికే వెళ్లి ఓటెయ్యాలి కాబట్టి మా భవనం సగం ఖాళీ. చివరి రైలు కోసం ఎదురుచూస్తున్న నలుగురు విద్యార్థులు ఒకే ఫోను చుట్టూ మూగి ఉన్నారు. నల్ల దుస్తులు వేసుకున్న 16 ఏళ్ల పిల్ల కాగితం చూసి చదువుతూ, చైనా ఒక్కటేనని చెప్పి, తల వంచి క్షమాపణ అడుగుతోంది. కేటీవీలో మైకు కింద పెట్టేసిన అమ్మాయి అక్కడే ఉంది. ఈసారి ఓటు వేయడానికి ఊరికి వెళ్లే ఉద్దేశం లేదని రెండు రోజుల క్రితం నాతో అన్న మనిషి, ఆ వీడియో అయిపోగానే సంచీ సర్దుకుని స్టేషనుకు నడిచింది. మరునాడు గెలిచిన, చైనాకు దూరం పాటించే పార్టీ నాయకురాలు త్సాయ్ ఇంగ్-వెన్ తన విజయ ప్రసంగంలో ఆ సంఘటనను ప్రస్తావించింది. ఆ వీడియో వల్లే గెలిచిందని కొందరు అంటారు గాని, 56 శాతం ఓట్లు ఒక్క రాత్రిలో రావు.

కాబట్టి మీ బంధువుల అమ్మాయి ఎవరైనా ఈ బృందాలను చూసి ‘వీళ్లు తైవాన్ వాళ్లా, కొరియా వాళ్లా’ అని అడిగితే, తమ భాష చెల్లిన చోటికి తైవాన్ అమ్మాయిలు కలిసి వెళ్లారని, చెల్లని చోటికి ఒక్కొక్కరే వెళ్లి వేరేవారి బృందంలో చేరారని చెప్పవచ్చు.

నేను తైవాన్ వదిలే ముందు, 2018 సెప్టెంబరు 11న, తైపేలోని స్వాతంత్ర్య చౌకులో ఎస్.హెచ్.ఇ. పదిహేడేళ్ల ఉచిత కచేరీ జరిగింది. లోపలికి వెళ్లే వీలు లేక బయట నిలబడి విన్నాను. నా పక్కన చక్రాల సూట్‌కేసులతో ఇద్దరు ముప్పై ఏళ్ల యువతులు ఉన్నారు, ప్రతి మాట చివరా ‘లా’ అంటున్నారు కాబట్టి మలేషియా వారో సింగపూర్ వారో అయి ఉండాలి. నేను ఏ దేశం వాణ్ణని వాళ్లు అడిగారు. చెప్పాను. పాట మొదలైంది. అందులో నాకు తెలిసిన రెండు పంక్తులు నేను కూడా పాడాను.